ఎండలు ముదరకముందే: ఎర్ర సీరమ్ కొనేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

ఈసారి ఎండాకాలానికి అస్టాజాంథిన్ సీరమ్ (అస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు పదార్థం కలిపిన, మొహానికి రాసుకునే ద్రవం) కొనాలా అని మా ఇంట్లో ఆడపిల్లలందరూ అడుగుతున్నారు. కొనొద్దని నేను చెప్పను, నేనూ వాడుతున్నాను. కానీ అది సన్‌స్క్రీన్ కాదు, ఈ మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. సీరమ్ రాసుకున్నాం కదా అని మధ్యాహ్నం పూట మొహానికి చున్నీ కట్టకుండా కాజీపేట నుంచి హనుమకొండకు బండి మీద వచ్చారంటే చర్మం మాడిపోతుంది. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు కూడా చూస్తాం మరి.

ఈ అస్టాజాంథిన్ హెమటోకోకస్ ప్లూవియాలిస్ అనే మంచినీటి నాచు నుంచి వస్తుంది. ఆ నాచు బండల మీది గుంతల్లో నిలిచిన వాన నీళ్లలో కూడా పెరుగుతుంది, మామూలుగా పచ్చగానే ఉంటుంది. నీళ్లు ఇంకిపోయి, ఎండ దంచి, తిండి దొరకనప్పుడు మాత్రం చుట్టూ మందపాటి గోడ కట్టుకుని లోపల ఎర్ర రంగు నింపుకుంటుంది, ఆ రంగే అస్టాజాంథిన్. తనను ఎండ నుంచి కాపాడుకోవడానికి నాచు చేసుకున్న ఏర్పాటు అన్నమాట. ఎండ వల్ల చర్మంలో పుట్టే ఫ్రీ రాడికల్స్‌ను (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను) అణచడంలో అది సాయం చేస్తుంది, అంతేగానీ ఎండను ఆపదు. విటమిన్ సి కంటే 6,000 రెట్లు గొప్పదని ప్రకటనల్లో వేస్తారు చూడండి, అది టెస్ట్‌ట్యూబ్‌లో ఒక రకం చురుకైన ఆక్సిజన్‌ను అణచిన లెక్క, మన మొహం మీద తేలిన లెక్క కాదు. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, వాటిలో చాలావరకు మింగే క్యాప్సూల్‌తో చేసినవే.

అసలు భయం సీసాతోనే. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిని కోల్డ్ స్టోరేజీల్లో ఎందుకు పెడతారు? బయట వేడికి, వెలుతురుకు ఎరుపు పోతుంది, రంగు పోతే ధర పడిపోతుంది. మిర్చి ఎరుపు, ఈ నాచు ఎరుపు రెండూ కెరోటినాయిడ్ అనే రంగు పదార్థాల జాతివే, గాలి, వెలుతురు, వేడి తగిలితే రెండూ పాడవుతాయి. పోయిన ఏప్రిల్‌లో నా సీసా స్కూటీ డిక్కీలో ఉండిపోయింది, నాలుగైదు రోజుల తర్వాత గుర్తొచ్చి తీస్తే టమాటా రసంలా ఉండాల్సింది ఎండుగడ్డి రంగుకు దిగింది, వాసన కూడా పాత నూనెలా వచ్చింది. పారేశాను, డబ్బులు పోయినందుకు ప్రాణం ఉసూరుమంది. అందుకే ముదురు రంగు సీసా, గాలి చొరబడని పంపు ఉన్నదే తీసుకోండి. తెల్లటి గాజు సీసాలో ఎర్రగా మెరుస్తూ కనిపించేది ఎంత అందంగా ఉన్నా వద్దు. చిన్న సీసా కొనండి, తెరిచిన తేదీ దాని మీద రాసుకోండి, కిటికీ పక్కన పెట్టకండి.

మొదటిసారి వాడేవాళ్లు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు మూడు రోజులు చూడండి. అదే వారంలో రెటినాల్ (విటమిన్ ఎ రకం), యాసిడ్ సీరమ్‌లు కొత్తగా మొదలుపెట్టకండి, మంట వస్తే దేని వల్లో తెలియక టెన్షన్ పడతారు. రెండు మూడు చుక్కలు చాలు. ఎక్కువైతే మొహం పసుపుగా, నారింజ రంగుగా కనిపిస్తుంది, దిండు గలీబుకు అంటితే ఉతికినా తొందరగా వదలదు, కాబట్టి రాత్రి రాసుకుంటే బాగా ఇంకాకే పడుకోండి.

పొద్దున సీరమ్ ఇంకిన తర్వాత ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 గానీ అంతకంటే ఎక్కువది గానీ సన్‌స్క్రీన్, మొహానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకుని రాయండి, బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మిర్చి ఏరే పనికి, పొలం పనికి వెళ్లే అక్కలకైతే నేను సీరమ్ కంటే ముందు సన్‌స్క్రీన్, తలకు తువాల, నిండు చేతుల చొక్కా చెప్తాను, ఉన్న డబ్బులు వాటికే పెట్టండి.

మంగు మచ్చలు ఉన్నవాళ్లు దీన్నే మందు అనుకుని నెలల తరబడి ఆగొద్దు, చర్మం డాక్టరుకు చూపించండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు క్యాప్సూల్ జోలికి డాక్టరును అడగకుండా వెళ్లొద్దు. రాసుకున్నాక దురద, వాపు వస్తే వెంటనే కడిగేసి ఆపేయండి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సీసాను కూడా వెంట తీసుకెళ్లండి.