డ్రగ్స్ తీసుకున్నాక ఒళ్లు విపరీతంగా వేడెక్కితే: సమస్య - పరిష్కారం

కొకైన్, యాంఫెటమిన్, మెథాంఫెటమిన్, ఎమ్‌డీఎమ్‌ఏ లాంటి ఉత్తేజాన్నిచ్చే డ్రగ్స్ మోతాదు మించితే, పక్కనున్నవాళ్లు గుండెకేమవుతుందో అని భయపడతారు. ఒళ్లు వేడిని మాత్రం మామూలు జ్వరంలా చూస్తారు. ఆ వేడి ఒక్కటే చాలు ప్రాణం తీయడానికి. 40 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు.

సమస్య: ఒళ్లు కాలిపోతోంది, మాటలకు పొంతన లేదు

కారణం: మనిషి నిలకడ లేకుండా కదులుతుండటం, కండరాలు బిగుసుకోవడం వల్ల లోపల వేడి పుడుతూనే ఉంటుంది. మరోపక్క చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోయి ఆ వేడిని బయటికి పోనివ్వవు. చెమట పడుతోంది కదా, ఫర్వాలేదు అనుకోకండి. చెమట కారుతున్నా లోపలి వేడి పెరుగుతూ ఉండొచ్చు.

పరిష్కారం: వెంటనే అంబులెన్స్‌ను పిలవండి. ఏం తీసుకున్నారో, ఎప్పుడు తీసుకున్నారో దాచకుండా చెప్పండి. కేసవుతుందేమోనన్న టెన్షన్‌తో ఆలస్యం చేయకండి, దయచేసి.

అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. చల్లని చోటికి మార్చి, బట్టలు తీసేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ ఫ్యాన్ గాలి బాగా తగలనివ్వండి. ఐస్ ఉంటే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఫిట్స్ వస్తే నోట్లో ఏదీ పెట్టకండి.

ఆసుపత్రిలో లోపలి ఉష్ణోగ్రతను మలద్వారం ద్వారా కొలుస్తారు. వేడి ప్రమాదకరంగా ఉంటే ఐస్ నీళ్ల తొట్టిలో ఉంచుతారు, అది వీలుకాకపోతే తడిపి గాలి కొడతారు. అరగంటలోపే 39 డిగ్రీల దగ్గరికి దించాలన్నది లక్ష్యం. అక్కడికి రాగానే ఆపేస్తారు, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది.

సమస్య: పారాసిటమాల్ వేసినా తగ్గడం లేదు

కారణం: ఇది జ్వరం కాదు. జ్వరంలో ఒంటికి ఎంత వేడి ఉండాలో మెదడే పెంచుతుంది, పారాసిటమాల్ దాన్ని కిందికి దించుతుంది. ఇక్కడ మెదడు అలా పెంచలేదు కాబట్టి ఆ మాత్రకు పనే లేదు. పైగా వేడికి దెబ్బతిన్న లివర్‌కు అది అదనపు భారం.

పరిష్కారం: మాత్రలు వదిలేసి చల్లబరచండి.

సమస్య: పెనుగులాడుతున్నారు, ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు

కారణం: డ్రగ్ వల్ల కలిగిన ఉద్రేకం, భయం. నలుగురు కలిసి గట్టిగా పట్టుకుంటే ఆ పెనుగులాటే ఇంకా వేడి పుట్టిస్తుంది. బోర్లా పడేసి మీద కూర్చుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

పరిష్కారం: లైట్లు తగ్గించి, జనాన్ని పంపేసి, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడండి. డాక్టర్లు మిడాజొలామ్, లోరాజెపామ్ లాంటి ఇంజెక్షన్లతో శాంతింపజేస్తారు. అవి ఉద్రేకంతో పాటు వేడి పుట్టడాన్నీ తగ్గిస్తాయి, ఫిట్స్‌ను అడ్డుకుంటాయి. అయినా వేడి దిగకపోతే కండరాలు పూర్తిగా వదులయ్యే మందు ఇచ్చి వెంటిలేటర్ మీద పెడతారు. వినడానికి భయంగా ఉన్నా, ప్రాణం నిలిపేది ఒక్కోసారి అదే.

సమస్య: నీళ్లు బాగా తాగించాక తలనొప్పి, వాంతులు, మగత

కారణం: ఎమ్‌డీఎమ్‌ఏ తీసుకున్నవాళ్లలో మూత్రం తగ్గి, తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోవచ్చు. రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది.

పరిష్కారం: స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా మాత్రమే తాగనివ్వండి. సోడియం పరీక్ష చేశాకే డాక్టర్లు వైద్యం నిర్ణయిస్తారు.

సమస్య: వేడి తగ్గింది, కానీ మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది

కారణం: కండరాలు కరిగి, వాటిలోని పదార్థం కిడ్నీల్లోకి చేరుతోంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ కూడా తప్పొచ్చు.

పరిష్కారం: సెలైన్, రక్తపరీక్షలు, అవసరమైతే డయాలసిస్. మనిషి లేచి కూర్చుని మాట్లాడుతున్నా సరే, డాక్టర్ చెప్పేదాకా ఇంటికి తీసుకెళ్లకండి.