పొడవాటి సైన్సు పదాలు పలకడం, 4వ పాఠం: తోక నుంచి లెక్కపెట్టండి

పోయిన పాఠంలో పదాన్ని సిలబుల్స్‌గా విడగొట్టడం చూశాం కదా, స్పెల్లింగ్ ఎంత పొడుగున్నా వినిపించే అచ్చు ఒక్కోదానికి ఒక్కో సిలబుల్. మరి ఆ ముక్కల్లో దేన్ని నొక్కి పలకాలి? తెలుగులో మనం అన్ని అక్షరాల్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం, ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వచ్చేస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు పదాన్ని పట్టుకునేది చాలావరకు ఆ నొక్కిన సిలబుల్‌ని బట్టే, అందుకే స్ట్రెస్, అంటే ఆ నొక్కు, వేరే చోట పడితే మిగతాదంతా సరిగ్గా పలికినా మళ్లీ అడుగుతారు.

పదం చివర చూడండి. ‘ఇక్’ ఉంటే దానికి ముందున్న సిలబుల్ మీద స్ట్రెస్. ‘లజీ’, ‘గ్రఫీ’, ‘మెట్రీ’, ‘నమీ’ ఉంటే చివరి నుంచి మూడోదాని మీద. ఫోటోగ్రాఫ్‌లో ‘ఫో’ని నొక్కుతాం. ఫోటోగ్రఫీకి వచ్చేసరికి స్ట్రెస్ రెండో సిలబుల్‌కి జరిగి ‘ఫ-టా-గ్ర-ఫీ’ అవుతుంది, మొదటి ‘ఫో’ నీరసించి ‘ఫ’ అయిపోతుంది. ఫోటోగ్రాఫిక్‌లో మళ్లీ జరిగి ‘గ్రా’ మీదికొస్తుంది. ఈ మూడింటినీ వరసగా పైకి అనండి, మనసులో అనుకుంటే లాభం లేదు.

ఇప్పుడు అందరూ భయపడే పదం, డీఎన్‌ఏలో మొదటి మాట: డీ-ఆక్-సి-రై-బో-న్యూ-క్లీ-ఇక్. ఎనిమిది సిలబుల్స్. చివర ‘ఇక్’ ఉంది కాబట్టి అసలు బరువు ‘క్లీ’ మీద. ‘ఆక్’, ‘రై’ల మీద కొంచెం తక్కువ. మొదటి నుంచి మొదలుపెడితే సగంలోనే ఊపిరి, ధైర్యం రెండూ అయిపోతాయి, అందుకే వెనక నుంచి కట్టుకుంటూ రండి. ముందు ‘క్లీ-ఇక్’, తర్వాత ‘న్యూ-క్లీ-ఇక్’, ఆపైన ‘రై-బో-న్యూ-క్లీ-ఇక్’, చివరికి మొత్తం. నాలిక తిరగని పదం దేనికైనా నేను చెప్పేది ఈ పద్ధతే.

‘ఇక్’ సూత్రానికి లొంగనివీ ఉన్నాయి. ఆర్సెనిక్ మూలకం పేరుగా వచ్చినప్పుడు స్ట్రెస్ మొదటి ‘ఆర్’ మీదే. లెక్కల అరిత్‌మెటిక్‌లో ‘రిత్’ మీద. అనుమానం వస్తే డిక్షనరీ తీయండి, ఉచ్చారణ దగ్గర పైన చిన్న నిలువు గీత ఉంటుంది, దాని వెనకే వచ్చే సిలబుల్‌ని నొక్కాలి.

ఇక మీ పని: ఫోటోసింథసిస్, ఫోటోసింథెటిక్, ఎలక్ట్రోకార్డియోగ్రఫీ, థర్మోడైనమిక్. మొదటిదానికి మాత్రం జవాబు చెప్పేస్తున్నా, ‘సిన్’ మీద. మిగతా మూడూ తోక చూసి మీరే తేల్చుకుని, ఆ తర్వాత డిక్షనరీతో సరిచూసుకోండి.