కోడ్ సర్వర్‌లో స్టోరేజీ లిమిట్ వచ్చేలోపు చూసుకోవాల్సినవి

వరంగల్, హనుమకొండ, కాజీపేట పిల్లలు ప్రాజెక్టులు పెట్టుకునే మన ఫోర్జెయో (గిట్ అనే మార్పుల రికార్డు టూల్‌తో కోడ్ దాచుకునే సాఫ్ట్‌వేర్) సర్వర్‌కు స్టోరేజీ లిమిట్ రాబోతోంది. ఫైనలియర్ సబ్మిషన్లు కూడా ఇప్పుడే కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగకండి.

– సైజు తగ్గించడానికి హిస్టరీ (పాత మార్పుల రికార్డు) తిరగరాసే ముందు పూర్తి బ్యాకప్ తీయండి. ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఉన్నదాని మీద బలవంతంగా మన కాపీని ఎక్కించడం) కొట్టాక పాత కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) వెనక్కి వస్తాయన్న నమ్మకం లేదు. మిర్రర్ క్లోన్ (రిపో, అంటే ప్రాజెక్టు కోడ్, హిస్టరీ మొత్తానికి కాపీ) ఒక్కటే చాలదు, అందులో ఎల్ఎఫ్ఎస్ ఫైళ్లు (గిట్ విడిగా దాచే పెద్ద ఫైళ్లు) రావు, వాటిని విడిగా ఫెచ్ చేసుకోవాలి. వికీ వేరే రిపో, ఇష్యూలైతే (సైట్‌లో రాసుకునే సమస్యలు, పనుల చర్చలు) అసలు గిట్‌లోనే ఉండవు.

– ఫైల్ డిలీట్ చేస్తే సైజు తగ్గదు. 300 ఎంబీ డేటాసెట్‌ను ఈరోజు తీసేసినా పాత కమిట్‌లో అట్లాగే ఉంటుంది. గిట్ ఫిల్టర్-రిపో అనే హిస్టరీ తిరగరాసే టూల్‌తో తీసేయాలి, ఆ తర్వాత టీమ్‌లో అందరూ కొత్తగా క్లోన్ చేసుకోవాలి, ఎందుకంటే ఒక్కరు పాత కాపీని మెర్జ్ చేసి (కొత్తదాంట్లో కలిపి) పుష్ చేసినా ఆ బరువంతా మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

– అడ్మిన్లూ, లిమిట్ దాటినవాళ్లకు పుష్ ఆపండి గానీ క్లోన్, డిలీట్ మాత్రం ఆపొద్దు. అవి కూడా మూసేస్తే సర్దుకునే దారే ఉండదు, పిల్లలకు ఉత్త టెన్షన్.

– రిలీజ్ ఫైళ్లు, ప్యాకేజీలు లిమిట్ లెక్కలోకి వస్తాయో రావో ముందే రాసి పెట్టండి.