గ్రూపు దశ చూసేవాళ్లు పట్టికను చేత్తో రాసుకోవడం ఎలా

ముందుగా ఒక గజం నల్ల లైనింగు గుడ్డ తీసుకోండి. పర్లాకిమిడిలో మా కుట్టు దుకాణం గోడకు ప్రతి పెద్ద ఫుట్‌బాల్ పోటీకీ అలాంటి గుడ్డ ఒకటి వేలాడుతుంది. గళ్లు తెల్ల దారంతో కచ్చా కుట్టు వేస్తాను, జట్ల పేర్లూ దారంతోనే కుడతాను. అంకెలు మాత్రం బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దతో రాస్తాను. పేర్లు పోటీ ముగిసేదాకా అవే, అంకెలు రోజూ మారతాయి. సుద్ద అయితే అరచేత్తో దులిపేయవచ్చు. గుడ్డ లేనివాళ్లకు పాత క్యాలెండరు వెనక వైపు, పెన్సిలు, రబ్బరు సరిపోతాయి.

ఫోనులో తయారుగా దొరికే పట్టిక ఉండగా ఈ శ్రమ ఎందుకని దుకాణానికి వచ్చినవాళ్లు అడుగుతారు. ఇంకొక్క గోలు పడితే ఎవరు నిలుస్తారో, ఎవరు ఇంటికి వెళ్తారో ఆ క్షణంలోనే తెలియాలంటే లెక్క మన వేళ్ల మీద ఉండాలి. అందుకే ఈ శ్రమ.

ఒక్కో జట్టుకు ఒక వరుస. నిలువు గళ్లు ఇవి: ఆడినవి, గెలుపు, డ్రా, ఓటమి, వేసిన గోల్స్, ఇచ్చిన గోల్స్, తేడా, పాయింట్లు. గెలుపుకు 3, డ్రాకు 1. నాలుగు జట్ల గ్రూపులో ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కోసారి ఆడుతుంది, అంటే మొత్తం 6 మ్యాచ్‌లు జరుగుతాయి; మొదటి రెండు జట్లు ముందుకు వెళ్తాయి. పట్టిక పక్కన ఆ ఆరింటికీ చోటు వదలండి, ఫలితం ముందు అక్కడ రాసి, తరువాతే గళ్లు నింపండి. తప్పు దొర్లితే వెతుక్కోవడానికి ఆ జాబితాయే ఆధారం.

కత్తెర పెట్టే ముందు కొలత సరిచూసుకున్నట్టు, ప్రతి మ్యాచ్ తరువాతా పట్టికనూ సరిచూసుకోవాలి. గ్రూపులో వేసిన గోల్స్ మొత్తం, ఇచ్చిన గోల్స్ మొత్తం సమానం కావాలి. తేడాలన్నీ కలిపితే సున్నా రావాలి. ఆరు మ్యాచ్‌లూ అయ్యాక పాయింట్ల మొత్తం 18లోంచి డ్రాల సంఖ్య తీసేసినంత ఉండాలి. 2022 ప్రపంచకప్పు 'E' గ్రూపులో జపాన్ 6, స్పెయిన్ 4, జర్మనీ 4, కోస్టారికా 3. కలిపితే 17. డ్రా అయింది స్పెయిన్, జర్మనీ మ్యాచ్ ఒక్కటే.

పాయింట్లు సమానమైతే ఎవరు ముందు? ఇది పోటీ మొదలుకాక ముందే తెలుసుకుని గుడ్డ పై అంచున రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే నియమం అన్ని పోటీల్లో ఒకటి కాదు. 2022 ప్రపంచకప్పులో ముందు గోల్స్ తేడా చూశారు, అదీ సమానమైతే వేసిన గోల్స్. దక్షిణ కొరియా, ఉరుగ్వేలకు తలా 4 పాయింట్లు, తేడా ఇద్దరికీ సున్నా. కొరియా 4 గోల్స్, ఉరుగ్వే 2. కొరియా ముందుకు వెళ్లింది. 2018లో జపాన్, సెనెగల్‌లకు అన్నీ సమానమై, తక్కువ పసుపు కార్డులున్న జపాన్ ముందుకు వెళ్లింది. అప్పటినుంచి కార్డులకూ ఒక గడి కుడుతున్నాను. ఆసియా కప్పులో అయితే ముందుగా ఆ రెండు జట్లూ ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్ ఫలితం చూస్తారు.

అసలు పని మూడో మ్యాచ్ రోజున. ఆ రోజు గ్రూపులోని రెండు ఆటలూ ఒకే సమయానికి మొదలవుతాయి. 1982లో అల్జీరియా తన చివరి మ్యాచ్ ముందురోజే ఆడేసింది. మర్నాడు పశ్చిమ జర్మనీ ఒక్క గోలుతో ఆస్ట్రియాను గెలిస్తే ఆ రెండూ ముందుకు వెళ్తాయని అందరికీ తెలుసు. పదో నిమిషం దాటీ దాటగానే గోలు పడింది, ఆ తరువాత ఎవరూ మనసు పెట్టి ఆడలేదు. అల్జీరియాకు జరిగిన ఆ అన్యాయం వల్లే ఈ ఏర్పాటు వచ్చింది. కాబట్టి ఆ రాత్రి ఒక మ్యాచ్ తెర మీద చూస్తూ, రెండోదాని స్కోరు చెప్పే పని ఇంకొకరికి అప్పగించండి. మా ఇంట్లో అది మేనకోడలి పని.

2022 డిసెంబరు 1 రాత్రి 12 దాటాక, అంటే మన లెక్కన డిసెంబరు 2న 12.30కి జపాన్, స్పెయిన్ ఆట. అదే సమయానికి జర్మనీ, కోస్టారికా ఆట. ఆటకు ముందు స్పెయిన్‌కు 4, జపాన్‌కు 3, కోస్టారికాకు 3, జర్మనీకి 1. పెళ్లి జాకెట్ల పని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండో సగం మొదలైన కాసేపటికే జపాన్ రెండు గోల్స్ వేసి 2-1తో ముందుకు వచ్చింది. సుద్ద తీసి జపాన్‌కు 6 వేశాను. కొంతసేపటికి, "అత్తా, కోస్టారికా రెండోది వేసింది! 2-1!" అని పిల్ల అరిచింది. కోస్టారికా గడి దులిపి 6 రాశాను. స్పెయిన్ 4, జర్మనీ 1. మాజీ విజేతలు రెండూ బయట! గోడ అవతల నుంచి పొరుగింటి ఒడియా అబ్బాయి స్కోరు అడిగాడు, చెబితే నమ్మలేదు. మూడు నిమిషాలు తిరగకుండా జర్మనీ సమం చేసింది, చివరికి 4-2తో గెలిచింది. గెలిచినా జర్మనీ బయటే: ఇద్దరికీ 4 పాయింట్లు, స్పెయిన్ తేడా +6, జర్మనీది +1. ఆ మూడు నిమిషాల్లో అరచెయ్యంతా సుద్ద.

ఇలా చేసేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఆట ముగిశాకే గడి మార్చాలనుకోకండి. ప్రతి గోలుకూ, "ఇప్పుడే విజిల్ ఊదితే" అనుకుని మార్చండి. 2019 జనవరి 14న, సంక్రాంతి ముంగిట, ఆసియా కప్పులో భారత్, బహ్రెయిన్ మ్యాచ్ చివరి నిమిషాల దాకా 0-0. అలా ముగిస్తే మనకు 4 పాయింట్లు, థాయిలాండ్‌కు 4. థాయిలాండ్‌ను మనం 4-1తో ఓడించాం కాబట్టి రెండో స్థానం మనదే. ఆ వరుసలో 4 నేనే రాశాను. 90 నిమిషాలు దాటాక కలిపిన సమయంలో బహ్రెయిన్ పెనాల్టీతో గోలు వేసింది. 4 దులిపి 3 రాయవలసి వచ్చింది, వరుస అడుగుకు జారిపోయింది. ఆ గుడ్డ దులపలేదు, మడిచి దాచాను.

మైదానానికి వెళ్లేవాళ్లూ పట్టిక వెంట తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో 17 ఏళ్లలోపు అమ్మాయిల ప్రపంచకప్పుకు భువనేశ్వర్ కళింగ స్టేడియానికి వెళ్లినప్పుడు చిన్న గుడ్డ ముక్క సంచిలో పెట్టుకున్నాను. మన పిల్లల మీద బ్రెజిల్ ఐదు గోల్స్ వేసింది. అమెరికాకూ బ్రెజిల్‌కూ పాయింట్లు సమానం, అయినా గ్రూపులో మొదటి స్థానం అమెరికాది. పక్క సీట్ల వాళ్లు ఎలాగని అడిగితే గోల్స్ తేడా గడి చూపించాను.

2026 ప్రపంచకప్పు నుంచి గుడ్డ పెద్దది కావాలి. 48 జట్లు, 12 గ్రూపులు, గ్రూపు దశలోనే 72 మ్యాచ్‌లు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లతో పాటు, మూడో స్థానంలో నిలిచిన 12 జట్లలో మేలైన 8 కూడా ముందుకు వెళ్తాయి. అందుకని పన్నెండు గ్రూపుల కింద ఒక విడి పట్టీ కుట్టి, మూడో స్థానం జట్లను అందులో వరుస పెట్టండి. దాని మీద పేర్లు దారంతో కుట్టకండి, చీటీల మీద రాసి గుండుసూదితో గుచ్చండి, రోజూ పైకీ కిందికీ మార్చాలి. ఎనిమిదో చీటీ కింద ఎర్ర దారం ఒకటి లాగండి.

తేదీ మన లెక్కన రాయండి. న్యూయార్కులో మధ్యాహ్నం 3 అయితే మనకు రాత్రి 12.30, అంటే తారీఖు మారిపోయినట్టే.