పౌరహక్కుల పోరాటంలో రెండు నాయకత్వ పద్ధతులను పోల్చి చదవడం ఎలా?

అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్‌లను ఎదురెదురుగా నిలబెట్టి రెండు గడులు గీసుకునే అలవాటును ముందుగా మానండి. అది పరీక్ష జవాబుకు పనికొస్తుందేమో గానీ, అమెరికా ఉద్యమం లోపలి అసలు తగవును చూపదు. 1960 ఏప్రిల్‌లో షా విశ్వవిద్యాలయంలో ఉద్యమ కార్యకర్త ఎల్లా బేకర్ చొరవతో సమావేశమైన విద్యార్థులు, కింగ్ సంస్థకు అనుబంధంగా చేరక, సొంత సమన్వయ సంఘాన్ని ఎందుకు ఏర్పరచుకున్నారన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

తరువాత రెండు చోట్లను పక్కపక్కన చదవండి. 1963లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో కింగ్ బృందం కొద్ది వారాల ఊరేగింపులతో, అరెస్టులతో దేశమంతటి దృష్టినీ తనవైపు తిప్పుకుంది; మిసిసిపీ రాష్ట్రంలో ఆ విద్యార్థి సంఘానికి చెందిన బాబ్ మోజెస్ వంటివారు ఏళ్ల తరబడి పల్లెల్లోనే ఉండి, ఓటరు నమోదుకు జనాన్ని కూడగడుతూ, పత్తితోటలో పనిచేసిన ఫానీ లూ హేమర్ వంటివారు తామే నాయకులయ్యేందుకు దారి వేశారు. ప్రతి ఘట్టంలోనూ నిర్ణయం ఎవరిదో, కెమెరాలు వెళ్లాక ఊళ్లో ఎవరు మిగిలారో రాసుకోండి. ఈ రెండు ధోరణులూ ఒకే ఊళ్లో ఎదురుపడిన 1965 నాటి సెల్మాను (ఇదీ అలబామాలోనిదే) చివరికి ఉంచుకోండి.