రెమింగ్టన్ డబుల్ డెరింజర్ కొనే ముందు

ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలుండే పాతకాలపు చిన్న పిస్తోలు ఇది. అమెరికాలో ఏ గన్ షోలోనైనా (తుపాకుల అమ్మకపు ప్రదర్శన) కనబడగానే చెయ్యి ముందుకెళ్తుంది. ఆగండి.

– ఎంత పాతదైనా లోడై ఉందనే అనుకోండి. కుడివైపు మీట తిప్పి, గొట్టాలు పైకెత్తి, తూటాలు పెట్టే రెండు అరలూ కళ్లారా చూడాలి.

– అసలు చూడాల్సింది మడతబందు, అంటే గొట్టాలు పైకి లేచే కీలు. ఫ్రేమ్ పైన రెండు సన్నటి చెవుల్లా ఉంటుంది, చాలావాటికి పగులు అక్కడే. భూతద్దం పెట్టండి. వెల్డింగ్ చేసి, పైన కొత్తగా నికెల్ పూత వేసి అమ్మేవాళ్లూ ఉంటారు. మరీ తళతళలాడితే నాకు అనుమానమే.

– ఊరికే ట్రిగ్గర్ నొక్కొద్దు, అర అంచు దెబ్బతింటుంది.

– తయారీ 1866 నుంచి 1935 దాకా సాగింది. ఫెడరల్ చట్టం లెక్కలో 1898, అంతకు ముందు తయారైనవే యాంటిక్ (పురాతన ఆయుధం). గొట్టం మీద ‘యూఎంసీ’ (రెమింగ్టన్‌తో కలిసిన తూటాల కంపెనీ పేరు) అని ఉంటే ఆ తర్వాత తయారైనదే, ఆ లెక్కలోకి రాదు. రాష్ట్రాల రూల్స్ వేరే.

– ఇంటికి తెచ్చాక పాలిష్ జోలికి పోవద్దు.