యూరప్‌లో ఎంవీఎన్ఓకి హోల్‌సేల్ రోమింగ్ యాక్సెస్: ఎలా అడగాలి, ఒప్పందంలో ఏం చూసుకోవాలి

సొంత టవర్లు లేకుండా యూరప్‌లో మొబైల్ కంపెనీ, అంటే ఎంవీఎన్ఓ, పెట్టాలనుకునేవాళ్లు ముందుగా ఆలోచించేది ఆ దేశంలో నెట్‌వర్క్ ఎవరిస్తారన్నదే. రోమింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. అలా వదిలేస్తే మొదటి వేసవి సెలవుల్లోనే దెబ్బ తగులుతుంది. 2017 జూన్ 15 నుంచి ఈయూలో కస్టమర్ పక్క దేశానికి వెళ్లినా ఇంటి రేటే తీసుకోవాలి, ఫెయిర్ యూజ్ పరిమితి (రోమింగ్‌లో ఇంటి రేటుకే వాడుకోగల హద్దు) లోపల పైసా అదనంగా వేయకూడదు. ఆ పక్క దేశపు నెట్‌వర్క్ మాత్రం మీ కంపెనీకి ప్రతి జీబీకీ బిల్లు పంపుతుంది. మీ వ్యాపారం నిలబడుతుందా లేదా అన్నది ఆ బిల్లు మీదే ఆధారపడి ఉంటుంది.

దీనంతటికీ మూలం ఈయూ రోమింగ్ రెగ్యులేషన్ 2022/612. 2022 జూలై 1న అమల్లోకి వచ్చింది, 2032 జూన్ 30 వరకు ఉంటుంది. ఇది డైరెక్టివ్ కాదు, రెగ్యులేషన్. అంటే ఏ దేశమూ విడిగా చట్టం చేయనక్కర్లేదు, నేరుగా వర్తిస్తుంది. నార్వే, ఐస్‌లాండ్, లీకెన్‌స్టైన్ కూడా దీని కిందికే వస్తాయి. స్విట్జర్లాండ్ రాదు, బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ కూడా రాదు. లండన్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నా సరే, మీ కస్టమర్ అక్కడికి వెళ్తే మీరు బేరమాడి తెచ్చుకున్నదే రేటు, హోల్‌సేల్ బిల్లుకి చట్టం పెట్టిన గరిష్ఠ ధర అక్కడ పనిచేయదు. ఈ తేడాని మీ ఎక్సెల్ షీట్‌లో మొదటి రోజే విడదీసి పెట్టుకోండి.

ఈ రెగ్యులేషన్‌లో మీరు కంఠతా పట్టాల్సింది మూడో ఆర్టికల్. సహేతుకమైన ప్రతి హోల్‌సేల్ రోమింగ్ అభ్యర్థననూ మొబైల్ ఆపరేటర్ ఒప్పుకోవాలి. కాదనాలంటే సాంకేతికంగా కుదరదనో, నెట్‌వర్క్ సమగ్రత దెబ్బతింటుందనో నిరూపించగల కారణం చూపాలి. పోటీని అడ్డుకోవడానికి వ్యాపార కారణాలు చెప్పి తిప్పి పంపే వీల్లేదు. ఈ హక్కు 2012లో వచ్చింది, 531/2012 రెగ్యులేషన్‌తో. మన దేశంలో 2016లో వీఎన్ఓ (సొంత నెట్‌వర్క్ లేని టెలికాం కంపెనీ) లైసెన్సులకు దారి తెరిచినప్పుడు, నెట్‌వర్క్ ఉన్న కంపెనీకీ వీఎన్ఓకీ మధ్య షరతులను పరస్పర ఒప్పందానికే వదిలేశారు. అందుకే ఇక్కడ టెలికాంలో పనిచేసి అక్కడికి వెళ్లినవాళ్లు "వాళ్లకి ఇష్టమైతేనే ఇస్తారు కదా" అన్న ధోరణిలోనే మెయిల్ రాస్తారు, దయచేసి ఇప్పించండి అన్నట్టు. అలా రాయకండి. మీరు సాయం అడగడం లేదు, చట్టం ఇచ్చిన హక్కుని వాడుకుంటున్నారు, అది మీ ఉత్తరంలో మొదటి వాక్యంలోనే కనిపించాలి.

మీది ఏ రకం ఎంవీఎన్ఓ?

అడిగేముందు ఇది తేల్చుకోండి. సొంత కోర్ నెట్‌వర్క్ (కాల్స్‌నీ డేటానీ నడిపించే కేంద్ర వ్యవస్థ), సొంత ఐఎంఎస్ఐ (సిమ్‌ని గుర్తించే నంబరు) సిరీస్ ఉంటే మీరు ఫుల్ ఎంవీఎన్ఓ. పక్క దేశపు ఆపరేటర్‌తో నేరుగా ఒప్పందం చేసుకోవచ్చు. చట్టంలో దీన్నే డైరెక్ట్ యాక్సెస్ అంటారు. అవేమీ లేకుండా బ్రాండు, సిమ్, కస్టమర్ కేర్ మాత్రమే మీవైతే మీరు లైట్ ఎంవీఎన్ఓ. మీ హోస్ట్ ఆపరేటర్‌కి, అంటే దేశంలో మీకు నెట్‌వర్క్ ఇచ్చే కంపెనీకి, ఇప్పటికే ఉన్న రోమింగ్ ఒప్పందాలను అతని ద్వారా కొనుక్కుంటారు. ఇది రీసేల్ యాక్సెస్. రెండింటికీ గరిష్ఠ ధరలు వర్తిస్తాయి. కానీ రీసేల్‌లో, ఆ ధరల కిందికి రాని భాగాలకు హోస్ట్ "న్యాయమైన, సహేతుకమైన" ధర వేసుకోవచ్చు, అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ప్లాట్‌ఫామ్ ఫీజు, సెటప్ ఫీజు, ఒక్కో సిమ్‌కి నెలవారీ ఫీజు అంటూ రకరకాల పేర్లతో వచ్చేదంతా అందులోదే. ప్రతి ఫీజునీ నెలవారీ జీబీలతో భాగించి, జీబీ రేటుకి కలిపి చూసుకోండి.

ఒక హెచ్చరిక: దేశం లోపల హోస్ట్ మీకు నెట్‌వర్క్ ఇచ్చి తీరాలని ఈ రెగ్యులేషన్ చెప్పదు. అది వేరే విషయం. చాలా చోట్ల అది మార్కెట్ బేరమే, కొన్ని చోట్ల విలీనాల షరతుగా వచ్చింది. 2014లో జర్మనీలో టెలిఫోనికా, ఇ-ప్లస్ విలీనాన్ని యూరోపియన్ కమిషన్ ఒప్పుకున్నప్పుడు, కొత్త కంపెనీ తన కెపాసిటీలో 30 శాతం వరకు ఎంవీఎన్ఓలకు అమ్మాలని షరతు పెట్టింది, ద్రిల్లిష్ అనే ఎంవీఎన్ఓ అలా లాభపడింది.

ఉత్తరం రాయడం

ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే చట్టంలోని మొదటి గడువు మీ అభ్యర్థన వాళ్లకు చేరిన రోజు నుంచే లెక్క. అభ్యర్థన అందిన నెలలోపు ఆపరేటర్ మీకు డ్రాఫ్ట్ ఒప్పందం పంపాలి. ఒప్పందం కుదిరిన తర్వాత మూడు నెలల్లోపు యాక్సెస్ ఇవ్వాలి. ఫోన్‌లో మాట్లాడుకోవడం, బార్సిలోనా మొబైల్ కాంగ్రెస్‌లో కాఫీ తాగుతూ మాటిచ్చుకోవడం, ఇవేవీ ఆ గడియారాన్ని మొదలుపెట్టవు.

ముందు ఆ ఆపరేటర్ వెబ్‌సైట్‌లో రిఫరెన్స్ ఆఫర్, అంటే యాక్సెస్ ఏ షరతులతో ఇస్తారో చెప్పే పత్రం, వెతకండి. దాన్ని ప్రచురించడం వాళ్ల బాధ్యత, సాధారణంగా హోల్‌సేల్ పేజీలో ఓ మూలన ఉంటుంది. అది చదివాకే ఉత్తరం రాయండి, మొదటి వాక్యం సూటిగా ఇలా ఉండాలి: "రెగ్యులేషన్ 2022/612 మూడో ఆర్టికల్ ప్రకారం మేము డైరెక్ట్ హోల్‌సేల్ రోమింగ్ యాక్సెస్ కోరుతున్నాం, ఈ అభ్యర్థన అందిన నెలలోపు డ్రాఫ్ట్ ఒప్పందం పంపగలరు." ఆ కింద ఏ సేవలు కావాలో పేరుపేరునా రాయండి: వాయిస్, ఎస్ఎంఎస్, డేటా, వోల్టే (4జీ మీదే కాల్స్), 5జీ, మీటర్లలాంటి మెషీన్లకు సిమ్‌లు అమ్మే ఆలోచన ఉంటే అది కూడా. ఆపరేటర్ దగ్గర అందుబాటులో ఉన్న ఏ టెక్నాలజీనైనా, ఏ తరమైనా అడిగే హక్కు మీకుంది, మీరు దేశంలో అమ్ముతున్న సేవనే అక్కడా ఇవ్వగలిగేలా. వోల్టేని మర్చిపోవద్దు. జర్మనీలో 3జీని 2021లోనే ఆపేశారు, వోల్టే రోమింగ్ లేకపోతే కాల్ వచ్చినప్పుడు ఫోన్ 2జీకి పడిపోతుంది, డేటా ఆగిపోతుంది, కస్టమర్ తిట్టేది మిమ్మల్నే.

తర్వాత ఐఎంఎస్ఐ సిరీస్, టాడిగ్ కోడ్ (ఆపరేటర్‌ని గుర్తించే కోడ్), సిగ్నలింగ్ ఏ ఐపీఎక్స్ ప్రొవైడర్ (ఆపరేటర్లను కలిపే నెట్‌వర్క్ కంపెనీ) ద్వారా వస్తుంది, టాప్ ఫైళ్లు (రోమింగ్ వాడకం బిల్లు రికార్డులు) ఏ క్లియరింగ్ హౌస్‌కి (ఆ లెక్కలు చూసే సంస్థకి) పంపాలి, నెలవారీ ట్రాఫిక్ అంచనా, కావలసిన ప్రారంభ తేదీ. ఇవన్నీ ఎందుకంటే, "మీ అభ్యర్థన అసంపూర్తిగా ఉంది" అన్న జవాబు ఆలస్యానికి అన్నిటికంటే తేలికైన దారి. ఆ దారి మూసేయాలంటే అడగబోయే ప్రశ్నలకు ముందే జవాబివ్వాలి. మెయిల్‌తోపాటు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి, అందినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్‌డీఏ (గోప్యతా ఒప్పందం) పంపితే అదే రోజు సంతకం చేసి పంపేయండి, కాకపోతే టెలికాం రెగ్యులేటర్‌కి ఆ వివరాలు చూపించే హక్కు మీకు ఉంటుందన్న వాక్యం అందులో ఉండేలా చూసుకోండి.

ధర

2022 జూలైలో జీబీకి 2 యూరోలతో మొదలైన డేటా గరిష్ఠ ధర 2023లో 1.80, 2024లో 1.55, 2025లో 1.30, 2026లో 1.10కి దిగింది, 2027లో 1 యూరో అవుతుంది. వాయిస్ 2025 జనవరి నుంచి నిమిషానికి 1.9 సెంట్లు, ఎస్ఎంఎస్ 0.3 సెంట్లు. వాయిస్‌ని సెకన్లలో, డేటాని కిలోబైట్లలో లెక్కించాలి. వాయిస్‌కి మొదటి కనీస చార్జి 30 సెకన్లకు మించకూడదు.

ఈ అంకెలు చూసి ఊపిరి పీల్చుకోవద్దు. ఇది గరిష్ఠ ధర మాత్రమే. పెద్ద ఆపరేటర్లు ఒకరి కస్టమర్లను ఒకరు మోసుకుంటారు కాబట్టి ట్రాఫిక్‌ని ఎదురెదురుగా పెట్టి ఇంతకంటే బాగా తక్కువకు మాట్లాడుకుంటారు. మీ నెట్‌వర్క్‌లోకి వచ్చే రోమర్లే లేరు, మీకు టవర్లే లేవు. మార్చుకోవడానికి సరుకు లేనివాడు రొక్కం పెట్టి కొనాల్సిందే. అందుకే ఎంవీఎన్ఓకి చట్టం పెట్టిన గరిష్ఠ ధరే చాలాసార్లు అసలు ధర అయిపోతుంది, ఈ ధర ఏటా తగ్గుతూ రావడం చిన్న కంపెనీలకు అంత అవసరం అందుకే.

ఒక లెక్క చూద్దాం. జర్మనీలో నెలకు 10 యూరోలకు 20 జీబీ ప్లాన్ అమ్ముతున్నారనుకుందాం. 19 శాతం వ్యాట్ పోతే మీకు మిగిలేది 8.40. జీబీకి 42 సెంట్లే పడుతోంది, అది హోల్‌సేల్ గరిష్ఠ ధర కంటే తక్కువ కాబట్టి ఫెయిర్ యూజ్ పరిమితి పెట్టుకోవచ్చు. ఫార్ములా ఏంటంటే, వ్యాట్ లేని ధరని గరిష్ఠ ధరతో భాగించి రెండుతో గుణించాలి: 2026లో 8.40ని 1.10తో భాగించి రెండింతలు చేస్తే 15.27 జీబీ. కనీసం అంత డేటా రోమింగ్‌లో ఇవ్వాలి. ఇప్పుడు ఎవరైనా అదంతా వాడేసి, మీరు గరిష్ఠ ధరే కడుతుంటే మీ బిల్లు 16.80 యూరోలు, అంటే ఆ నెల ఆదాయానికి సరిగ్గా రెట్టింపు. ఫార్ములా ఇచ్చే పరిమితి ప్లాన్‌లోని డేటాని దాటనంతవరకు ప్లాన్ ధర ఎంతైనా ఇదే నిష్పత్తి వస్తుంది, ఫార్ములాలోనే ఉంది అది. గరిష్ఠ ధరలో సగానికి, అంటే 55 సెంట్లకు తెచ్చుకోగలిగితే ఆ కస్టమర్ మీద ఆదాయం, ఖర్చు సమానమవుతాయి. అందరూ అంత వాడరు గనక వ్యాపారం నడుస్తుంది, కానీ సెలవుల్లో ఊరంతా సముద్రతీరానికి తరలిపోయే దేశంలో ఆగస్టు నెల లెక్క విడిగా వేసుకోకుండా ప్లాన్ ధర పెట్టకండి.

రోమింగ్ మీద నికర నష్టం మీ మొత్తం మొబైల్ సేవల మార్జిన్‌లో 3 శాతమైనా ఉందని చూపించగలిగితే, చిన్న సర్‌చార్జి వేసుకోవడానికి మీ దేశ రెగ్యులేటర్‌ని అనుమతి అడగొచ్చు. ఈ దారి ఉందని గుర్తుపెట్టుకోండి, బిజినెస్ ప్లాన్ మాత్రం దీని మీద కట్టకండి.

డ్రాఫ్ట్ వచ్చాక

మొదట వెతకాల్సింది కనీస కొనుగోలు హామీ. 80 సెంట్లకే ఇస్తాం, కానీ ఏడాదికి 10,000 జీబీ కొనాలి అంటారు. వినడానికి బాగుంటుంది. మీరు 6,000 జీబీయే వాడితే కట్టేది మాత్రం 8,000 యూరోలు, జీబీకి 1.33 పడినట్టు, గరిష్ఠ ధర కంటే ఎక్కువ. దీని పక్కనే ఇంకో వాక్యం ఉందేమో చూడండి: "నియంత్రిత గరిష్ఠ ధరలు ఈ ఒప్పందానికి వర్తించవని ఇరుపక్షాలు అంగీకరిస్తున్నాయి" అని. రెండు వైపులా ఒప్పుకుంటే కొంతకాలం అలా చేసుకోవడానికి చట్టమే వీలిస్తుంది. అంటే మీ రక్షణని మీ సంతకంతోనే వదులుకుంటున్నారు. ఎంత డిస్కౌంట్ ఇచ్చినా చిన్న ఎంవీఎన్ఓ ఆ వాక్యాన్ని ఒప్పుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

రెండోది శాశ్వత రోమింగ్ క్లాజు. మీ సిమ్ కొని పక్క దేశంలోనే కాపురం పెట్టేవాళ్ల గురించి వాళ్ల భయం న్యాయమైనదే, రిఫరెన్స్ ఆఫర్‌లో దానికి షరతులు పెట్టుకోవచ్చు. కానీ ఆ షరతులు మొత్తం ట్రాఫిక్ లెక్కల మీద ఆధారపడాలి, ఒక్కో కస్టమర్ వివరాలు అడగడానికి వీల్లేదు. "అనుమానం వస్తే వెంటనే సర్వీస్ ఆపేస్తాం" అని ఉంటే కొట్టేయించండి: ఈ కారణంతో ఒప్పందం రద్దు చేయాలంటే వాళ్లు తమ దేశ రెగ్యులేటర్ ముందస్తు అనుమతి తీసుకోవాలి. మీ వైపు నుంచి మీరూ పని చేయాలి. నాలుగు నెలల కాలంలో ఒక కస్టమర్ దేశంలో కంటే బయటే ఎక్కువ ఉండి, బయటే ఎక్కువ వాడుతుంటే, ఆ రెండూ కలిసినప్పుడే, కనీసం రెండు వారాల గడువుతో హెచ్చరిక పంపొచ్చు. ఆ రిపోర్టు ప్రతి నెలా తీయండి, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే చూపించడానికి.

టెస్టింగ్ గురించి ఎక్కువ చెప్పను, టెక్నికల్ టీమ్‌కి తెలిసిందే: ఐఆర్.21 పత్రం (ఆపరేటర్లు ఒకరికొకరు ఇచ్చుకునే నెట్‌వర్క్ వివరాలు) అప్‌డేట్ చేయడం, టెస్ట్ సిమ్‌లు పంపుకోవడం, కాల్, డేటా, టాప్ ఫైల్ పరీక్షలు. చూడాల్సింది ఒక్కటే, "మా టెస్టింగ్ క్యూలో మీ వంతు ఆర్నెల్ల తర్వాత" అంటే మూడు నెలల గడువు గుర్తుచేస్తూ రాతపూర్వకంగా జవాబివ్వండి.

కుదరకపోతే

రెగ్యులేటర్ దగ్గరికి వెళ్లండి: జర్మనీలో బుండెస్‌నెట్జాగెంటూర్, ఐర్లాండ్‌లో కామ్‌రెగ్, ఫ్రాన్స్‌లో ఆర్సెప్. వివాదాన్ని సాధారణంగా నాలుగు నెలల్లో తేల్చాలి. రెండు దేశాల కంపెనీల మధ్య వివాదమైతే రెగ్యులేటర్ల యూరప్ సంస్థ బెరెక్ అభిప్రాయం కూడా తీసుకుంటారు. హోల్‌సేల్ రోమింగ్ మీద బెరెక్ ప్రచురించిన మార్గదర్శకాలు చదివి, మీ ఫిర్యాదులో ఆ పేరాలనే ఎత్తి చూపండి. రిఫరెన్స్ ఆఫర్‌లోనే తప్పుంటే దాన్ని మార్చమని ఆదేశించే అధికారం కూడా రెగ్యులేటర్‌కి ఉంది.

ఫైల్‌లో తేదీల వరుస ఉండాలి: అభ్యర్థన ఎప్పుడు అందింది, జవాబు ఎప్పుడొచ్చింది, ఏ ప్రశ్నకి మీరు ఎప్పుడు సమాధానమిచ్చారు. రేటు ఎక్కువైందని ఒక్క ముక్కలో రాసి ఊరుకోకండి. ఫలానా తేదీకల్లా యాక్సెస్ ఇవ్వాలి, ఫలానా క్లాజు తీసేయాలి, ఫలానా ఫీజుకి లెక్క చూపించాలి అని ఒక్కో కోరికనీ విడివిడిగా రాయండి, అప్పుడు ఒకటి తిరస్కరించినా మిగతావాటి మీద ఉత్తర్వు రావడానికి వీలుంటుంది.